కండె మచ్చ

గుణుపూరు దాటాక, వంశధార పక్కన
రేకుల షెడ్డు, రెండు గదులు: అదే మా పరిశోధన కేంద్రం.
బోర్డు ఒడియాలో ఉండేది.
మేం తిట్టుకునేది తెలుగులో.
పొలాల్లోంచి చెడు కబురు సవర భాషలో వచ్చేది.
అక్కడ నేను గాజు పళ్లేలు కడిగేదాన్ని.
పద్దెనిమిదేళ్లు కడిగాను.

ఆ ఏడు ఆశ్వయుజంలోనే చలి దిగింది.
పగలు మబ్బు, తుంపర. పొద్దెక్కేదాకా ఆరని మంచు.
ఎలియాజర్ రైతా సైకిల్ వెనక
నాలుగు వరి దుబ్బులు కట్టుకుని వచ్చాడు,
జొరమొచ్చిన పిల్లని ఆసుపత్రికి తెచ్చినట్టు,
వేళ్లకు తడి గోనె చుట్టి.

ఆకుల నిండా కండెలు.
కొసలు సన్నం, నడుం లావు,
అంచు ఇటుక రంగు, లోపల బూడిద.
మాది నేత ఇల్లు. మా యమ్మ రాట్నం ముందు కూకుంటే
సాయంత్రానికి బుట్టెడు కండెలు.
చూడగానే నోరు జారాను:
"ఎవులో ఆకు మీద నూలు సుట్టేసినారమ్మా."
మినతీ పాఢీ మేడం నవ్వలేదు.
"అగ్గి తెగులు" అంది.
ఆవిడకు వచ్చిన పది తెలుగు మాటల్లో అదొకటి.

తర్వాత నాకు చెప్పింది, పళ్లేలు అందిస్తూ:
బీజం గాల్లో వస్తుంది, మంచు బొట్టులో దిగుతుంది,
సద్దిమూటలో కాస్త కొవ్వు తెచ్చుకుంటుంది.
నల్లటి బుడిపె కట్టి, ఊపిరి బిగబట్టి,
లారీ టైరులో గాలి కూడా దాని ముందు చాలదు,
ఆకు చర్మంలోకి ఒక్క మేకు దించుతుంది.
ఇంత నేర్పున్న దానికి
రెండు చిటికెల సరుకు చేసుకోవడం రాదట.
థయామిన్. బయోటిన్.

నమ్మలేదు నేను.
రెండు పళ్లేల్లో పెంచి చూపించింది.
ఒకదాంట్లో ఆ చుక్కలు కలిపింది, ఒకదాంట్లో లేదు.
వారానికి మొదటిది ఉన్ని దుప్పటి.
రెండోది, పాత చీర అంచున వేలాడే పోగు.

ఉప్పు నిండుకుంటే గిన్నె పట్టుకుని
పక్కింటి గడప దగ్గర నిలబడతాం మనం.
ఇది గడప దగ్గర ఆగదు.
తిన్నగా వంటింట్లో దూరి, పొయ్యి పక్కనే పడుకుంటుంది.
మొదటి రోజుల్లో ఆకు పచ్చగానే ఉంటుంది,
ఏమీ జరగనట్టు ఎండ తాగుతుంది,
విటమిను వండుతుంది, వడ్డిస్తుంది.
వంట కాకుండా వంటమనిషిని ఎవరు చంపుతారు?

ఆ రోజుల్లోనే నాకు అరికాళ్ల మంట.
రాత్రి తడిగుడ్డ చుట్టుకుంటే గానీ కునుకు పట్టేది కాదు.
ఆరోగ్య కేంద్రంలో పసుపు మాత్రలిచ్చి నర్సు అడిగింది:
"బియ్యం ఎన్నిసార్లు కడుగుతావు?"
తెల్లనీళ్లు పోయేదాకా, అన్నాను.
నాలుగు నీళ్లు. తర్వాత గంజి వార్చి.
ఆ మిల్లోడు ముందే తౌడు దులిపేసి పంపిన బియ్యాన్ని.
కడగడమేగా నాకు తెలిసిన పని.
మాత్ర సీసా మీద పేరు కూడబలుక్కున్నాను. థయామిన్.
చేసుకోవడం రానివాళ్లలో
నేనూ ఉన్నాను.

కార్తీకంలో ఎలియాజర్ మళ్లీ వచ్చాడు.
ఈసారి వెన్నులు. మెడ దగ్గర నల్లబడి, విరిగి,
గింజ పట్టుకుంటే పొల్లు.
మేడం మందు పేరు రాసిచ్చింది.
అప్పు తీరందే కొట్టువాడు ఇవ్వడని
ఆ కాగితం మడిచిన తీరులోనే తెలిసింది.
ఆ రెండు పళ్లేలూ చూపించాను, ఎందుకో.
బక్కగా ఉన్నదాన్నే చాలాసేపు చూశాడు.
"దీనికేటి పెట్నేదా మీరు?" అన్నాడు.

ఏం చెప్పను.
పళ్లేలు రెండూ కుక్కర్లో ఉడికించాను, రూలు ప్రకారం.
మూత తీస్తే తడి మట్టి వాసన, ఎవరిదేదో తెలియలేదు.
ఆ రాత్రి బియ్యం ఒక్క నీటికే వంచాను.

వెళ్తూ వెళ్తూ ఎలియాజర్
మొదట తెచ్చిన గోనె ఉందా అని అడిగాడు.
మూలన ఎండిపోయి ఉంది. దులిపి ఇచ్చాను.
సైకిల్ సీటు మీద నాలుగు మడతలు పెట్టుకుని
ఎక్కి వెళ్లాడు.